పండుగ ప్రయాణంలో మీ వెంట వచ్చే నాలుగు వందల మంది

దసరా సెలవులు ఇచ్చేశారు. ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సు కోసమో, ఆరాంఘర్‌లో మహబూబ్‌నగర్ బస్సు కోసమో రేపు పొద్దున నిలబడబోతున్నారు. గ్యాస్ బంద్ చేస్తారు, నల్లా కట్టేస్తారు, తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తారు. పక్కింటివాళ్లకు ఒక మాట చెబుతారు. మరి జేబులో ఉన్న ఫోన్‌లో, భుజానికి తగిలించుకున్న ల్యాప్‌టాప్‌లో ఏమేం పెట్టుకుని పోతున్నారో చూసుకున్నారా?

"నా ఫోన్ల ఏముంటయ్? పిల్లల ఫొటోలు, వాట్సాప్" అంటారేమో. ఒక గుమాస్తాను ఊహించుకోండి. గద్వాల ప్రాంతంలో రైతులతో పత్తి విత్తనం పండించి కంపెనీలకు చేర్చే ఆర్గనైజర్లు ఉంటారు కదా, అలాంటి ఒకరి దగ్గర లెక్కలు రాసే మనిషి. రైతుకు డబ్బు పడాలంటే ఆధార్ కావాలి, పట్టాదారు పాసుపుస్తకం కావాలి, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ కావాలి. అవన్నీ ఆయన ఫోన్‌కే వాట్సాప్‌లో వస్తాయి. పని అయిపోతుంది, ఫొటోలు మాత్రం గ్యాలరీలో ఉండిపోతాయి. సీజన్‌కు నాలుగు వందల మంది రైతులనుకోండి. ఆయన భార్యాపిల్లలతో శ్రీశైలం బయలుదేరితే ఆ నాలుగు వందల మంది కూడా ఆయన జేబులో కూర్చుని బయలుదేరినట్టే. ఆ ఫోన్ ఎక్కడైనా జారిపోతే నష్టపోయేది ఆయన ఒక్కడు కాదు.

మీది గద్వాల కాకపోవచ్చు. మిర్యాలగూడ రైస్ మిల్లులో టాలీ చూసేవారి ల్యాప్‌టాప్‌లో మిల్లు జీఎస్టీ లాగిన్ ఉంటుంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీకి పోయేవారి ఫోన్‌లో బ్యాచ్ రికార్డుల ఫొటోలు ఉంటాయి. చిట్టీ నడిపేవారి దగ్గర సభ్యుల చెక్కులు, బడి పంతులు దగ్గర పిల్లల వివరాలు, ఆశా కార్యకర్త దగ్గర గర్భిణుల జాబితా ఉంటాయి. 2023లో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ నల్గొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు. కాబట్టి 'కంపెనీ డేటా' అన్న మాట ఇప్పుడు మాదాపూర్‌కే పరిమితం కాదు, మన జిల్లాల్లోనూ ఇంటింటి విషయమైంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సెలవుల్లో డేటా పోతే దాని వెనక మహా తెలివైన దొంగ ఉండడం అరుదు. చాలావరకు అక్కర్లేనిది మనమే మోసుకుపోతాం, అడిగినవారికల్లా మనమే చేతికిస్తాం. అందుకే దీన్ని కాపాడే పనిలో ముప్పావు వంతు ఇంటి గడప దాటకముందే జరగాలి. వెంట తీసుకుపోనిది దారిలో పోదు.

దీనికి రుజువులు కావాలా? 2006 మేలో అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఒకరు ఆఫీసు సమాచారాన్ని ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్లకు కావలసింది ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్. కానీ అందులో సుమారు 2.65 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి, వాటికి ఏ తాళమూ లేదు. ఆ ల్యాప్‌టాప్ తర్వాత దొరికింది, ఎవరూ ఫైళ్లు తెరిచినట్టు లేదని పోలీసులూ చెప్పారు. అయినా కేసులు ఆగలేదు, 2009లో ఆ శాఖ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. రెండో సంగతి జపాన్‌ది. 2022 జూన్‌లో అమగసాకి నగరపాలక సంస్థకు పనిచేసే ఒక ప్రైవేటు కంపెనీ మనిషి, నగరంలోని సుమారు 4.6 లక్షల మంది వివరాలు ఉన్న పెన్‌డ్రైవ్ బ్యాగులో వేసుకుని, పని ముగిశాక తాగడానికి వెళ్లాడు. రాత్రి దారిలోనే పడి నిద్రపోయాడు. లేచేసరికి బ్యాగు లేదు. రెండు మూడు రోజులకు బ్యాగు దొరికింది. పెన్‌డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది కాబట్టి, పాస్‌వర్డ్ లేనివాడి చేతిలో అది ఉత్త ప్లాస్టిక్ ముక్కే. ఈ రెండు చోట్లా హ్యాకింగ్ అన్నదే లేదు. ఒక ఇల్లు, ఒక బ్యాగు, అలసిపోయిన ఒక మనిషి. తేడా అంతా ముందే వేసిన తాళంలో ఉంది.

"పోతే పోయింది, మా రైతుల ఆధార్ నంబర్లు ఎవనికి పనికొస్తయ్?" అనే ప్రశ్న న్యాయమైనదే, జవాబు చెప్పాలి. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నప్పుడు వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. పది రోజులు గడవకముందే, ఏప్రిల్ 1న, ఫరీదాబాద్‌కు చెందిన మరో వ్యక్తి దగ్గర 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు ఉన్నట్టు ప్రకటించారు. సంతలో సరుకులాగా వర్గాలవారీగా విడగొట్టి అమ్మకానికి పెట్టారు. ఎవరికి పనికొస్తాయో చెప్పడానికి ఆ కొన్నవాళ్లే సాక్ష్యం. మీకు ఫోన్ చేసి మీ పేరు, మీ బ్యాంకు, మీ ఊరు చెప్పి నమ్మించేవాడికి ఆ వివరాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఇంకో మాట. 2023లో మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. తగిన భద్రత పాటించని సంస్థకు రూ. 250 కోట్ల దాకా జరిమానా వేసే వీలు అందులో ఉంది. అంత జరిమానా మన మిల్లు మీద పడకపోవచ్చు. కానీ ఇతరుల కాగితాలు మన దగ్గరుంటే వాటికి జవాబుదారులం మనమే అని ఇప్పుడు చట్టం కూడా చెబుతోంది.

సరే, ఇక పనిలోకి దిగుదాం.

1. ముందురోజు రాత్రి అరగంట కేటాయించండి

బట్టలు సర్దినట్టే ఫోన్ సర్దండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టోరేజ్ తెరిస్తే ఏ చాట్‌లో ఎంత బరువుందో వరుసగా కనిపిస్తుంది. ఆఫీసు గ్రూపు, ఖాతాదారుల చాట్లు పైనే ఉంటాయి. అవసరమైనవి ఆఫీసు కంప్యూటర్‌లోకో, ఆఫీసు వాళ్లు చెప్పిన చోటికో పంపి, ఫోన్‌లోంచి తీసేయండి. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు: గ్యాలరీలో తీసేసి ఊరుకుంటారు. తీసేసినవి ట్రాష్‌లో వారాల తరబడి ఉంటాయి, దాన్నీ ఖాళీ చేయాలి. ఫొటోలు వాటంతటవే మీ సొంత గూగుల్ ఖాతాలోకి ఎక్కుతుంటే, ఆ నాలుగు వందల ఆధార్లు అక్కడా ఉన్నాయని అర్థం.

ల్యాప్‌టాప్ సంగతి. సెలవు ఆరు రోజులనుకోండి, ఈ ఆరు రోజుల్లో దాన్ని నిజంగా తెరుస్తారా? నిజాయితీగా చెప్పుకోండి. బతుకమ్మ నాడు సాయంత్రం తెరవరు, దసరా నాడు తెరవరు, మర్నాడు చుట్టాలింటికి పోతారు. "మేనేజర్ పిలిస్తే ఎట్ల?" అంటారు. పిలుస్తాడు, నిజమే. పండుగ పూట పిలవకూడదని ఉపన్యాసం ఇస్తే మీ ఉద్యోగం మారదు. కానీ సెలవు పెట్టేటప్పుడే "ఈ ఆరు రోజులు ఈ పని ఎవరు చూస్తారు?" అని అడిగి ఒక పేరు రాయించుకోవడం మీ చేతిలో పనే. ఆ ఒక్క ప్రశ్నతో సగం ల్యాప్‌టాప్‌లు ఇంట్లో ఉండిపోతాయి. తప్పదు, తీసుకుపోవాల్సిందే అంటే, బయలుదేరే ముందే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందో లేదో ఆఫీసు ఐటీ వాళ్లను అడగండి. విండోస్‌లో బిట్‌లాకర్ అంటారు, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. ఇది లేకపోతే, లాగిన్ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు తెరుచుకుంటాయి. ఇక మూత వేసి స్లీప్‌లో ఉంచి బ్యాగులో పెట్టకండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సాగర్ డ్యామ్ దగ్గర కారు ఆపి నీళ్లు చూడటానికి దిగినప్పుడు వెనక సీటు మీద నల్ల బ్యాగు కనిపించేలా ఉంచడం కూడా ఒక పిలుపే. డిక్కీలో పెట్టేదైతే ఇంటి దగ్గరే పెట్టండి, అక్కడికి వెళ్లాక నలుగురూ చూస్తుండగా కాదు.

ఇంట్లో వదిలేసినదానికీ ఒక జాగ్రత్త ఉంది. బల్ల మీద కాదు, బీరువాలో. 2006 నాటి ఆ దొంగతనం ఇంట్లోనే జరిగిందని గుర్తుంచుకోండి.

2. తాళం వేసిన ఫోన్ ఏం మాట్లాడుతోందో వినండి

నార్కట్‌పల్లి దగ్గర బస్సు ఆగింది. చాయ్ గ్లాసు పక్కన బల్ల మీద ఫోన్ పెట్టారు. తాళం వేసే ఉంది. అంతలో తెర వెలిగింది: బ్యాంకు పేరు, దాని కింద ఆరు అంకెలు. ఎదురుగా కూర్చున్నవారు తల కొంచెం వంచితే చదవొచ్చు. ఫోన్‌కు తాళం ఉండి ఏం లాభం? "ఓటీపీ ఉంది కదా, నా ఖాతాకేం కాదు" అన్న ధైర్యం మీద ఇన్నాళ్లుగా నడుస్తున్నాం. ఆ ఓటీపీయే తాళం బయట వేలాడుతుంటే ఇక ఆ ధైర్యానికి ఆధారం ఏది? సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి, లాక్ స్క్రీన్ మీద మెసేజీ లోపలి విషయం కనబడకుండా దాచే మీట నొక్కండి. ఒక్క నిమిషం పని.

రెండో రంధ్రం సిమ్. దొంగకు మీ ఫోన్ తాళం తెరవడం రాకపోయినా, సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలు అక్కడికి వస్తాయి. దీనికి సిమ్ పిన్ పెట్టుకోవచ్చు. అయితే తొందరపడవద్దు. మొదట కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌లో అడిగి తెలుసుకోండి. ఊహించి మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది, ఇక దాన్ని తెరిచే పీయూకే నంబర్ కోసం తిరగాలి. బస్సు ఎక్కే ముందు చేయాల్సిన పని కాదిది, వారం ముందే చేసుకోండి. వాట్సాప్‌కు కూడా టూ-స్టెప్ వెరిఫికేషన్ అని ఆరంకెల పిన్ ఉంది, అదీ పెట్టండి.

3. మనోళ్ల చేతిలో ఫోన్

ఇది అన్నిటికన్నా కష్టమైన చోటు, అందుకే కొంచెం నిలబడి మాట్లాడుకుందాం. ఊరికి పోయాక ఫోన్ మన జేబులో ఉండదు. "బావా, జర ఫోన్ ఇయ్యి, పోరడు ఏడుస్తుండు" అని మరదలు అడుగుతుంది. "బిడ్డా, నీ ఫోన్ల నుంచి పెద్దోనికి కలుపు" అని మేనత్త అడుగుతుంది. ఇవ్వనంటే మనిషి మారిపోయాడంటారు. "సొంతవాళ్లను కూడా అనుమానించమంటారా?" అని మీరు నన్ను అడుగుతారు. అనుమానించమనడం లేదు. ఎవరూ దొంగతనం చేయరు. కానీ ఐదేళ్ల పిల్లవాడికి ఆటలో వచ్చే ప్రకటనకూ నిజమైన మీటకూ తేడా తెలియదు. పదిహేనేళ్ల మేనల్లుడు కొత్త సినిమా కోసం ఏదో టెలిగ్రామ్ లింకు నొక్కుతాడు. వాళ్ల ప్రేమలో లోటు లేదు, వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది: ఆ ఫోన్‌లో నాలుగు వందల మంది ఉన్నారని. తెలియనివారి చేతిలో బరువు పెట్టి, జారిపోయాక వాళ్లను అనడం న్యాయమా?

కాబట్టి ఇవ్వడం మానకండి, ఇచ్చే పద్ధతి మార్చండి. ఇంట్లో మూలపడ్డ పాత ఫోన్‌ను శుభ్రంగా ఫ్యాక్టరీ రీసెట్ చేసి, నాలుగు ఆటలు, బొమ్మల వీడియోలు వేసి తీసుకుపోండి. పిల్లలకు అదే పండుగ. లేదంటే ఆండ్రాయిడ్‌లో యాప్‌ను తెరకు బిగించే ఏర్పాటు ఉంది, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఉంది. వీడియో ఒక్కటే నడుస్తుంది, పిన్ కొడితే గానీ బయటికి రాదు. ఆఫీసు మెయిల్, బ్యాంకు యాప్‌లకు విడిగా యాప్ లాక్ పెట్టండి. ఇవన్నీ ఊరికి పోకముందే ఒకసారి ఇంట్లో చేసి చూసుకోండి. పిల్లవాడు ఏడుస్తుంటే ఎవరూ సెట్టింగ్స్ వెతకలేరు.

మనోళ్ల నుంచి వచ్చే ఇంకో ప్రమాదం పత్రిక రూపంలో వస్తుంది. దసరా పోతే కార్తీకం, పెళ్లిళ్లు మొదలవుతాయి. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక వస్తుంది. తెలిసిన నంబరే, తెలిసిన పేరే. కానీ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే "ఇన్‌స్టాల్ చేయాలా?" అని అడుగుతుంది. అక్కడే ఆగండి. పత్రిక అంటే బొమ్మ, లేదా పీడీఎఫ్. చదవడానికి ఏ పత్రికనూ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అది యాప్, మీ మెసేజీలు చదివే యాప్. ఒకసారి లోపలికి వచ్చాక మీ కాంటాక్టులందరికీ మీ పేరుతోనే అదే పత్రిక పంపుతుంది. మీ చుట్టం నంబర్ నుంచి అది మీకు వచ్చింది కూడా అలాగే. ట్రాఫిక్ చలాన్ పేరుతోనూ, పీఎం కిసాన్ పేరుతోనూ ఇలాంటివే తిరుగుతున్నాయి. పంపినవారికి ఒక ఫోన్ చేసి, "పెద్దనాయనా, పెళ్లి ఎప్పుడు?" అని అడగండి. నిజమైతే సంతోషిస్తారు, కాకపోతే వాళ్ల ఫోన్ కూడా చిక్కుకుందని వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

4. లాడ్జి కౌంటర్, జిరాక్స్ దుకాణం

"అన్నా, అందరి ఆధార్లు ఈ నంబర్‌కు వాట్సాప్ చెయ్యండి." గది దొరికిందన్న తొందరలో, పిల్లలు అలసిపోయారన్న తొందరలో, కుటుంబంలో ఆరుగురి కార్డులూ కౌంటర్‌లో కుర్రవాడి సొంత ఫోన్‌కు వెళ్లిపోతాయి. అతను మంచివాడే కావచ్చు. కానీ వచ్చే ఏడాది అతను ఆ ఉద్యోగంలో ఉంటాడా? ఆ ఫోన్ ఎవరికి అమ్ముతాడు? జిరాక్స్ దుకాణంలోనూ అంతే. మనం పంపిన పీడీఎఫ్ ప్రింట్ అయ్యాక ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోతుంది. తర్వాత వచ్చినవారు తమ ఫైలు వెతుక్కుంటూ మీ పాన్ కార్డు తెరిచి చూస్తారు.

ఒక పని కోసం ఇచ్చిన కాగితం మరో పనికి వాడుకోవడం మన రాష్ట్రంలో జరగని సంగతేమీ కాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలు తీసుకుని వాటితో నకిలీ ముద్రలు చేసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు బయటపెట్టారు. ఆ పత్రాల మీద వాళ్లు తమ ముద్ర వేసింది భూమి కోసం.

మరి లాడ్జిలో ఏం ఇవ్వాలి? 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆధార్ కాపీ అందరికీ ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అని. జనం కంగారుపడటంతో రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు, మామూలు జాగ్రత్త చాలన్నారు. ప్రకటన పోయినా మాస్క్‌డ్ ఆధార్ పోలేదు. ఆధార్ వెబ్‌సైట్లో ఇప్పటికీ దింపుకోవచ్చు. బయలుదేరే ముందే ఇంట్లో అందరివీ దింపి ప్రింట్ తీసి పెట్టుకోండి. "లాడ్జిల మాస్క్‌డ్ తీసుకోం అంటరు" అనే అభ్యంతరం వాస్తవమే. అలాంటప్పుడు ఓటర్ కార్డో, డ్రైవింగ్ లైసెన్సో చూపండి. కాపీ తప్పనిసరంటే కాగితం మీద ఇవ్వండి, దాని మీద అడ్డంగా ఏ లాడ్జికి, ఏ తేదీన, దేనికి ఇచ్చారో పెన్నుతో రాయండి. ఆ గీత పడ్డ కాగితం ఇంకో చోట చెల్లడం కష్టం. ఇంకొంచెం ఓపిక ఉంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, నకిలీ వేలిముద్రతో డబ్బు తీయడం ఆగిపోతుంది. ఒక్కటే గుర్తుంచుకోండి: లాక్ ఉండగా రేషన్ దుకాణంలో మీ వేలిముద్ర కూడా పనిచేయదు, తిరిగి వచ్చాక తెరుచుకోవాలి.

5. వైఫై, చార్జింగ్

వీటి గురించి భయపెట్టే మాటలు ఎక్కువ వింటాం కాబట్టి తూకం వేసి చెబుతాను. ఇప్పటి బ్యాంకు యాప్‌లు, వెబ్‌సైట్లు తమ మాటలను తామే గుప్తంగా పంపుకుంటున్నాయి. హోటల్ వైఫైలో వార్తలు చదివినంత మాత్రాన కొంపలు మునగవు. కానీ 2014లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన డార్క్‌హోటల్ ఉదంతంలో, హోటల్ వైఫైకి కలిసిన పెద్ద ఉద్యోగులకు "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి" అని చూపి దొంగ ప్రోగ్రాం ఎక్కించారు. కాబట్టి నియమం చిన్నదే: ఊరుగాని ఊళ్లో వైఫై మీద ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి, ఆఫీసు పనికి మీ ఫోన్ హాట్‌స్పాట్ వాడండి. బస్టాండ్‌లో చార్జింగ్ పెట్టాల్సివస్తే మీ సొంత అడాప్టర్‌తో ప్లగ్గులో పెట్టండి, ఉత్త యూఎస్‌బీ రంధ్రంలో కాదు.

6. నల్లమలలో సిగ్నల్ పోతే

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఎవరూ పట్టించుకోరు, అడవి కదా. అయితే సిగ్నల్ ఒక్కసారిగా పోవడం సిమ్ దొంగతనానికి కూడా మొదటి గుర్తు. ఎవరో మీ పేరుతో కొత్త సిమ్ తీసుకుంటే మీ పాత సిమ్ చచ్చిపోతుంది. ఇందుకే 2022లో టెలికాం శాఖ ఒక నిబంధన పెట్టింది: కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు నడవకూడదని. అంటే కనిపెట్టడానికి మీకు ఒక రోజు గడువు దొరికింది. నెట్‌వర్క్ లేదులే అని ఆ రోజంతా కొండల్లో గడిపేస్తే గడువు కరిగిపోతుంది. దోమలపెంట దాటి శ్రీశైలం చేరాక మీ వెంట ఉన్నవారి ఫోన్లలో సిగ్నల్ వచ్చి, అదే కంపెనీ సిమ్ ఉన్న మీ ఫోన్‌లో రాకపోతే, దర్శనం క్యూలో నిలబడకముందే పక్కవారి ఫోన్‌తో కస్టమర్ కేర్‌కు చేయండి. పెద్ద మొత్తాలున్న ఖాతాకు ప్రయాణం పూర్తయ్యేదాకా ఆన్‌లైన్ బదిలీ పరిమితి తగ్గించుకుంటే ఇంకా మంచిది.

7. స్టేటస్ తిరిగొచ్చాక పెట్టండి

సోమశిలలో లాంచీ మీద తీసుకున్న ఫొటో వారం తర్వాత కూడా అంతే అందంగా ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉందన్న కబురు మాత్రం అప్పటికి పాతదైపోతుంది.

8. పోయిందని తెలిసిన మొదటి గంట

ఎంత జాగ్రత్తపడ్డా జాతరలో జేబు తేలికైపోవచ్చు. అప్పుడు చాలామంది చేసే పొరపాటు వెతుకుతూ కూర్చోవడం. రెండో పొరపాటు, ఆఫీసుకు చెప్పకుండా దాచడం. "చెప్తే నా ఉద్యోగం పోతది, దొరికితే ఎవ్వరికీ తెల్వదు కదా" అనిపిస్తుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి సైబర్ ఘటనలను సంస్థలు తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలి. మీరు ఒక రాత్రి దాచారంటే మీ సంస్థ చేతిలోని గడువును కూడా మీరే ఖర్చు చేశారన్నమాట. ఫోన్ పోవడం ఎవరికైనా జరిగే ప్రమాదం. దాచడం మాత్రం మనం తీసుకున్న నిర్ణయం అవుతుంది, యాజమాన్యాలు చూసేది ఆ రెండోదాన్నే. మీరు గంటలోపు చెబితే ఐటీ వాళ్లు మీ ఖాతాను అన్ని చోట్లా మూసేయగలరు, ఫోన్‌లోని ఆఫీసు డేటాను దూరం నుంచే తుడిచేయగలరు.

వరుస ఇది. డబ్బు పోయినట్టు కనిపిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది, మీరు ఎంత త్వరగా చెబితే అంత దగ్గర్లో దాన్ని ఆపగలరు. తర్వాత ఆఫీసుకు, బ్యాంకుకు. ఆ వెంటనే సిమ్ బంద్ చేయించండి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నాక, టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబర్ ఇచ్చి ఫోన్‌ను అడ్డుకోండి. ఇక ఆ హ్యాండ్‌సెట్ దేశంలో ఏ సిమ్‌తోనూ పనిచేయదు. ఈ పద్ధతిలో తెలంగాణ పోలీసులు వేల ఫోన్లు వెతికి యజమానులకు ఇచ్చారు, కాబట్టి "పోయింది రాదులే" అని వదిలేయకండి. చివరగా, ఎవరి వివరాలు మీ ఫోన్‌లో ఉన్నాయో వాళ్లకు చెప్పండి. ఆ రైతుకు "మీ వివరాలు చెప్పి ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి" అని ఒక్క మాట అందితే చాలు, మోసగాడి పని సగం చెడిపోతుంది. ఈ చివరి ఫోన్లు చేయడం అవమానంగా ఉంటుంది, అయినా చేయాలి.

ఇవన్నీ ఫోన్ లేనప్పుడు చేయాల్సిన పనులు. ఆ నంబర్లన్నీ ఫోన్‌లోనే ఉంటే ఎలా? అందుకే ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే మీ ఐఎంఈఐ నంబర్ తెర మీద కనిపిస్తుంది, రాసుకోండి. దాని కింద 1930, బ్యాంకు నంబర్, ఆఫీసు ఐటీ డెస్క్ నంబర్, ఇంట్లో ఇద్దరి నంబర్లు రాయండి. రెండు కాపీలు చేసి ఒకటి బట్టల సంచిలో, ఒకటి మీ ఇంటావిడ లేదా ఇంటాయన పర్సులో పెట్టండి. పొద్దున బస్సు ఉంది, ఈ రాత్రే రాయండి.